ఐఎస్ఐ బి.స్టాట్ ప్రవేశ పరీక్ష: దరఖాస్తు నుంచి ఇంటర్వ్యూ దాకా నా అనుభవం

కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో గణాంక శాస్త్ర డిగ్రీ అయిన బి.స్టాట్ ఆనర్స్ కోర్సు కోసం 2024లో నేను దరఖాస్తు చేసుకుని, రాత పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు వెళ్ళి, సీటు తెచ్చుకున్నాను. నల్లగొండలో నేను చదివిన జూనియర్ కళాశాలలో ఎంపీసీ సెక్షన్లకు కొదవ లేకపోయినా, ఈ సంస్థ పేరు విన్న తోటి విద్యార్థి ఒక్కరూ నాకు తారసపడలేదు. జేఈఈ, ఎంసెట్ మాట వినబడని ఇల్లు మా వైపు లేదు గాని, గణితం అంటే నిజంగా ప్రాణం పెట్టే పిల్లలకు ఇంజనీరింగ్ కాక మరో దారి ఉందని, ఆ దారికి వేరే రకమైన ప్రవేశ పరీక్ష ఉందని చెప్పేవారు లేరు. ఇంటర్ చదువుతున్న కొందరు చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఇప్పుడు నన్ను వివరాలు అడుగుతున్నారు కనుక, ఆ పరీక్ష ఎలా ఉంటుందో, అది మనలాంటి చదువు చదివినవారి నుంచి ఏమి కోరుతుందో నాకు అనుభవమైనంత వరకు వివరంగా రాస్తున్నాను.

నాకు ఈ సంస్థ గురించి తెలిసింది 2023 ఆగస్టులో, సి.ఆర్. రావు గారు కన్నుమూసినప్పుడు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 102 ఏళ్ళు బతికిన గొప్ప గణాంక శాస్త్రవేత్త అని, తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేశారని, 1941లో కలకత్తా వెళ్ళి ఐఎస్ఐలో చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారని పత్రికలు రాశాయి. పాతికేళ్ళ వయసులో, 1945లో ఆయన ప్రచురించిన ఒక్క వ్యాసంలో ఉన్న ఫలితాలు నేటికీ ప్రపంచమంతటా గణాంక శాస్త్రపు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మా కాలనీలో ఉండే విశ్రాంత గణిత అధ్యాపకులు ఒకరు ఆ రోజు పత్రిక నాకు చేతికిచ్చి, "చదువమ్మా, నువ్వు అడుగుతుంటావే, లెక్కలు మాత్రమే చదువుకునే చోటు ఉందా అని, ఇదిగో ఉంది" అన్నారు. ఆ తర్వాత జరిగిన ప్రతి పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. ఇక మీద సార్ అని రాసిన చోటల్లా ఆయననే తలచుకుంటున్నాను.

ఐఎస్ఐని ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించారు. దేశంలో రెండో పంచవర్ష ప్రణాళికకు రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు ఆయనే. ఇళ్ళిళ్ళూ తిరిగి కుటుంబాల ఖర్చుల వివరాలు సేకరించే జాతీయ నమూనా సర్వే కూడా ఆయన చొరవతోనే 1950లో మొదలైంది. 1959లో పార్లమెంటు చేసిన చట్టం దీన్ని జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా గుర్తించింది. ఇక్కడ పరిశోధన చేసి డాక్టరేట్ పొందిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్‌కు 2007లో గణితంలో అత్యున్నత బహుమతుల్లో ఒకటైన ఏబెల్ బహుమతి వచ్చింది. బి.స్టాట్ కోల్‌కతాలో, బి.మ్యాథ్ బెంగళూరులో ఉంటాయి. ఇవన్నీ నాకు ఉత్సాహాన్ని ఇచ్చాయి గాని, ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే మా నాన్నను ఒప్పించింది మాత్రం వేరే విషయం. ఈ కోర్సుకు ట్యూషన్ ఫీజు లేదు. పైగా బాగా చదివే విద్యార్థికి సంస్థే నెలనెలా స్టయిపెండ్ ఇస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో మేనేజ్‌మెంట్ సీటు కోసం భూమి అమ్మిన బంధువులు మాకు ఉన్నారు కనుక, నాన్న ఆ ఒక్క వాక్యాన్ని ప్రకటనలో తన కళ్ళతో చదువుకుని, "అయితే రాయి బిడ్డా" అన్నారు. అమ్మకు మాత్రం అంత దూరం పంపడం చాలా రోజుల వరకు ఇష్టం లేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. అది సరిగ్గా మన ఇంటర్ వార్షిక పరీక్షల రోజుల్లో వస్తుంది కనుక, పరీక్షలు అయ్యాక చూద్దామని వదిలేస్తే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. అర్హత సులభమే: ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో గణితం, ఇంగ్లీషు పాఠ్యాంశాలుగా చదివి ఉండాలి. మన బోర్డులో ద్వితీయ భాష సంస్కృతమైనా, తెలుగైనా, ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి కనుక మనవారికి ఈ నిబంధన అడ్డు కాదు. ఫొటో, సంతకం స్కాన్ చేసి పెట్టడం, రుసుము కట్టడం, పరీక్షా కేంద్రంగా హైదరాబాదును ఎంచుకోవడం వంటివి ఎంసెట్ దరఖాస్తు నింపిన ఎవరికైనా అలవాటైన పనులే.

అయితే ఒక విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి కళాశాలల్లో చెప్పరు. మా కుటుంబం బీసీ వర్గానికి చెందుతుంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు పనికివచ్చే రాష్ట్ర కుల ధ్రువపత్రం, అంటే బీసీ-ఏ, బీసీ-బి అని రాసి ఉండే పత్రం, కేంద్ర సంస్థల్లో చెల్లదు. అక్కడ కావలసింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు కనుక ముందు ఆ జాబితాలో మన కులం ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు కార్యాలయం నుంచి పత్రం తెచ్చుకోవాలి. ఆదాయానికి సంబంధించిన పరిశీలన ఉంటుంది కనుక పత్రం పాతబడినదైతే ఒప్పుకోరు. సార్ ముందే హెచ్చరించడంతో నాన్న ఆ పని సంక్రాంతి సెలవుల నాటికే మొదలుపెట్టారు. కార్యాలయంలో ఒక గుమస్తాకు రాష్ట్ర పత్రానికీ దీనికీ ఉన్న తేడా నమూనా ముద్రించి చూపించేదాకా అర్థం కాలేదు. ముద్రించిన నమూనా వెంట తీసుకువెళ్ళడం ఎందుకు మంచిదో అందుకే చెబుతున్నాను.

ఇక పరీక్ష స్వరూపానికి వస్తాను. ఇది కంప్యూటరు మీద కాకుండా కాగితం మీద, ఒకే రోజున రెండు పూటలా జరుగుతుంది. ఉదయం పత్రంలో 30 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మధ్యాహ్నం పత్రంలో పూర్తి జవాబు రాయవలసిన 8 ప్రశ్నలు ఉంటాయి. రెండింటికీ చెరి రెండు గంటలు. భౌతిక, రసాయన శాస్త్రాలు లేవు, మొత్తం గణితమే. జాతీయ గణిత ఒలింపియాడ్‌లో నిర్దిష్ట స్థాయికి చేరినవారికి రాత పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చి నేరుగా ఇంటర్వ్యూకు పిలుస్తారు గాని, నాలాంటి మిగతా అందరికీ ఈ రెండు పత్రాలే ద్వారం.

ఉదయం పత్రంలో మార్కులు వేసే పద్ధతి నన్ను మొదటి చూపులోనే ఆకట్టుకుంది. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు సున్నా, వదిలేసిన ప్రశ్నకు 1 మార్కు. నాలుగు ఐచ్ఛికాల్లో ఏదో ఒకటి గుడ్డిగా గుర్తిస్తే సరైనది తగిలే అవకాశం నాలుగింట ఒకటి కనుక సగటున వచ్చేది కచ్చితంగా 1 మార్కు, అంటే వదిలేసినందుకు వచ్చేంతే. ఒక ఐచ్ఛికం కచ్చితంగా తప్పని తేల్చగలిగితే సగటు ఒకటికి పైన మూడో వంతు పెరుగుతుంది. రెండు తేల్చగలిగితే రెట్టింపవుతుంది. కొంచెమైనా ఆలోచించి తెలుసుకున్నవాడికే లాభం ఉండేటట్టు, ఏమీ తెలియకుండా గుర్తించినవాడికి వదిలేసినవాడి కంటే సగటున ఒరిగేది ఏమీ లేకుండా ఉండేటట్టు ఈ లెక్క కట్టారు. ఎంసెట్‌లో తప్పుకు కోత లేదు కనుక చివరి నిమిషంలో మిగిలిన బిట్లన్నీ ఒకే అక్షరానికి గుర్తించి రావడం మనకు నేర్పిన విద్య. ఇక్కడ అది పనికిరాదు.

సమయం లెక్క కూడా పోల్చి చూడదగినది. ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొద్ది క్షణాలు. ఇక్కడ ఉదయం ఒక్కో ప్రశ్నకు నాలుగు నిమిషాలు, మధ్యాహ్నం ఒక్కో ప్రశ్నకు పదిహేను నిమిషాలు దొరుకుతాయి. వినడానికి ఇది ఎంతో ఉదారంగా అనిపిస్తుంది. పదిహేను నిమిషాలు ఒకే ప్రశ్న ముందు కూర్చోవడం ఎంత కష్టమో మొదటిసారి పాత ప్రశ్నపత్రం ముందు కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. సంస్థ తన పాత ప్రశ్నపత్రాలను తన వెబ్‌సైట్‌లోనే ఉంచుతుంది కనుక వాటి కోసం ఎక్కడా వెతకనక్కరలేదు.

మా కళాశాలలో గణితం చెప్పిన తీరు గురించి ఇక్కడ కొంత రాయక తప్పదు. బోధించినవారు కష్టపడి బోధించారు. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ కష్టమంతా వేగం కోసమే. సాధారణంగా ఏ చరరాశి స్థానంలోనైనా ఒక చిన్న సంఖ్యను పెట్టి, నాలుగు ఐచ్ఛికాల్లో ఏది సరిపోతుందో చూసి, జవాబు గుర్తించి ముందుకు సాగడం మాకు ప్రతి వారాంతపు పరీక్షలోనూ అలవాటు చేశారు. బోర్డు పరీక్షల్లో ఏడు మార్కుల దీర్ఘ సమాధాన ప్రశ్నలకు సిద్ధాంతాలను నిరూపించేవాళ్ళం, కాని వాటిని నెలల తరబడి కంఠస్థం చేసి ఒప్పజెప్పినట్టు రాసేవాళ్ళం. ఒక మెట్టు తర్వాత మరో మెట్టు ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగేంత తీరిక ఆ టైంటేబుల్‌లో లేదు. ఐఎస్ఐ మధ్యాహ్నం పత్రం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది.

సార్ నాకు మొదట ఇచ్చిన లెక్క నాకు ఇంకా గుర్తుంది. నిరూపక తలంలో రెండు నిరూపకాలూ పూర్ణసంఖ్యలైన బిందువులను ఏవైనా ఐదింటిని తీసుకుంటే, వాటిలో ఏదో ఒక జత బిందువుల మధ్యబిందువు నిరూపకాలు కూడా పూర్ణసంఖ్యలే అవుతాయని చూపమన్నారు. నాకు తెలిసిన మధ్యబిందువు సూత్రం రాశాను, ఐదు బిందువులకు అక్షరాలు పెట్టాను, పది జతలకు పది మధ్యబిందువులు రాశాను, అక్కడే ఆగిపోయాను. ఏ సూత్రంలో ప్రతిక్షేపించాలో తెలియలేదు, ఎందుకంటే ప్రతిక్షేపించవలసిన సూత్రమే ఇందులో లేదు. మర్నాడు సార్ నన్ను సంఖ్యలను పక్కన పెట్టి, ప్రతి నిరూపకమూ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నది మాత్రమే చూడమన్నారు. ఒక బిందువుకు అప్పుడు ఉండే రకాలు నాలుగే: సరి-సరి, సరి-బేసి, బేసి-సరి, బేసి-బేసి. బిందువులు ఐదు, రకాలు నాలుగు కనుక ఏవో రెండు బిందువులు ఒకే రకానికి చెందక తప్పదు. ఆ రెండింటి నిరూపకాలను కూడితే రెండు మొత్తాలూ సరిసంఖ్యలే, వాటిలో సగాలు పూర్ణసంఖ్యలే. నిరూపణ అయిపోయింది. ఇందులో పదో తరగతి దాటిన గణితం ఒక్క ముక్క లేదు. అయినా ఇంటర్ రెండేళ్ళలో ఇంత సంతోషాన్ని ఇచ్చిన లెక్క నేను మరొకటి చేయలేదు.

అక్కడి నుంచి మా సాధన పద్ధతి కుదిరింది. వారానికి కొన్ని ప్రశ్నలే. ఒక్కోదానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టినా సరే, జవాబు చూడకుండా చేయాలి. చేసిన తర్వాత పూర్తి వాక్యాలతో శుభ్రంగా రాసి సార్‌కు చూపించాలి. ఆయన దిద్దేటప్పుడు మార్కులు వేయరు, కారణం లేని ప్రతి పంక్తి పక్కనా ఎర్ర సిరాతో "ఎందుకు?" అని రాస్తారు. నా మొదటి జవాబులు ఆ ఎర్ర సిరాతో నిండిపోయేవి. ఉదాహరణకు, ఎక్స్ ఐదో ఘాతానికి ఎక్స్‌ను కలిపితే 1 వస్తుందనే సమీకరణానికి సరిగ్గా ఒకే వాస్తవ మూలం ఉందని చూపమంటే, గ్రాఫు గీసి, అది అక్షాన్ని ఒక్కచోట దాటుతుందని రాశాను. నిజానికి అందులో రెండు వేర్వేరు వాదనలు ఉన్నాయి. కుడి పక్కనున్న 1ని ఎడమ పక్కకు తెస్తే వచ్చే ప్రమేయం విలువ సున్నా దగ్గర రుణాత్మకం, ఒకటి దగ్గర ధనాత్మకం, ప్రమేయం అవిచ్ఛిన్నం కనుక మధ్యలో ఎక్కడో మూలం ఉంది అన్నది ఒక వాదన. దాని అవకలజం ఎల్లప్పుడూ ధనాత్మకం కనుక ప్రమేయం పెరుగుతూనే ఉంటుంది, అందువల్ల రెండో మూలం ఉండదు అన్నది మరో వాదన. మూలం ఉండటం వేరు, ఒక్కటే ఉండటం వేరు. ఈ రెండింటినీ విడదీసి రాయడం నేర్చుకున్నాక నా జవాబుల రూపమే మారిపోయింది.

పుస్తకాల విషయంలో నాకు స్థిరమైన అభిప్రాయం ఒకటి ఏర్పడింది. ఈ పరీక్షకు కావలసిన విషయం చాలావరకు మన ఇంటర్ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మొదటి సంవత్సరంలో గణితానుగమనం, ప్రమేయాలు, అవధులు, రోల్ సిద్ధాంతం, లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం ఉన్నాయి. రెండో సంవత్సరంలో సమీకరణ వాదం, ప్రస్తారాలు-సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత, నిశ్చిత సమాకలనులు ఉన్నాయి. మన పిల్లలు ఉదాహరణ లెక్కలకు నేరుగా వెళ్ళి, నిర్వచనాలను, సిద్ధాంతాల నిరూపణలను దాటేస్తారు. దాటేసిన ఆ పేజీలే ఈ పరీక్షకు ముఖ్యమైనవి. విడిగా చదవవలసింది సంఖ్యావాదంలో ప్రాథమిక విషయాలు, అంటే భాజనీయత, శేషాలు, ప్రధాన సంఖ్యలు, వాటితో పాటు అసమానతలు, కొంత శుద్ధ జ్యామితి. వీటికి సార్ దగ్గరున్న పాత ఒలింపియాడ్ ప్రశ్నలు సరిపోయాయి. కోచింగ్ ఏదీ తీసుకోలేదు, అలాంటిది మా ఊళ్ళో లేదు కూడా.

జేఈఈ చదువును పూర్తిగా వదిలేయలేదు. ఆ చదువు వల్ల కలిగిన గణన వేగం ఉదయం పత్రంలో నాకు నిజంగా ఉపకరించింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయితే ఫిబ్రవరి నుంచి పగలు కళాశాల చదువు, రాత్రి భోజనాల తర్వాత ఒకే ఒక్క నిరూపణ ప్రశ్న అనే ఏర్పాటు పెట్టుకున్నాను. కళాశాలలో ఒకరు ఈ పరీక్ష వల్ల ర్యాంకు పాడవుతుందని మా నాన్నకు ఫోను చేసి చెప్పారు. నాన్న విని, "దానికి ఇష్టమైన పని చేస్తున్నది, చేయనివ్వండి" అని ఊరుకున్నారు.

పరీక్ష మే నెలలో ఒక ఆదివారం నాడు. అప్పటికి ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది, అది కూడా దాదాపు ఆ రోజుల్లోనే ముగిసింది. ముందు రోజు సాయంత్రమే హైదరాబాదు వెళ్ళి పిన్ని వాళ్ళింట్లో ఉన్నాం. కేంద్రంలో జేఈఈ కేంద్రాల్లో ఉండే జనసందోహం లేదు. బయట నిలబడిన తల్లిదండ్రుల్లో కొందరు బెంగాలీలో, హిందీలో మాట్లాడుకుంటున్నారు. తెలుగు మాట తక్కువగానే వినిపించింది. ఉదయం పత్రంలో ముందు తెలిసినవి చేసి, ఐచ్ఛికాలను కొట్టివేయగలిగినవి రెండోసారి తిరిగి వచ్చి చేసి, ఏమీ తోచనివాటిని ధైర్యంగా ఖాళీగా ఉంచాను. ఖాళీ వదిలిన ప్రశ్నకూ మార్కు ఉందని మనసుకు గుర్తు చేసుకోవడానికి కొంత సమయం పట్టింది, ఎందుకంటే ఖాళీ గడి కనిపిస్తే నింపేయాలని చేతికి అలవాటైపోయింది.

మధ్యాహ్నం పత్రంలో మొదటి పది నిమిషాలు పెన్ను ముట్టకుండా ఎనిమిది ప్రశ్నలూ చదివాను. ఇది సార్ చెప్పిన నియమం, ఎవరైనా పాటించదగినది. అన్నింటినీ చదివితే ఏవి మన చేతికి వస్తాయో తెలుస్తుంది. క్రమంలో వెళ్తే మొదటి ప్రశ్న దగ్గరే అరగంట పోవచ్చు. ఎనిమిదీ చేయాలన్న ఆశ పెట్టుకోలేదు. చేతికి వచ్చినవాటిని, ప్రతి పంక్తికీ కారణం చెబుతూ, దిద్దేవారికి ఎక్కడా "ఎందుకు?" అని రాసే అవసరం లేకుండా రాయాలన్నదే నా లక్ష్యం. ఒక ప్రశ్నలో చివరిదాకా వెళ్ళలేకపోయాను. అయినా ఎంతవరకు నిరూపించానో, అక్కడి నుంచి ఏది మిగిలిందో స్పష్టంగా రాసి వదిలాను. సగం నిరూపణను పూర్తయినట్టు కనిపించేలా రాయడం కంటే, ఇంతవరకే వచ్చాను అని చెప్పడమే గణితంలో మర్యాద అని సార్ అనేవారు, నేనూ అదే నమ్ముతాను.

ఇంటర్వ్యూకు ఎంపికైనవారి జాబితాలో నా సంఖ్య చూసుకున్న రోజున అమ్మ కూడా మెత్తబడింది. నల్లగొండలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది కనుక రైలు మారే పని లేకుండా నాన్న, నేను హౌరా చేరాం. అక్కడి నుంచి ఊరికి ఉత్తరాన బరానగర్‌లో, బి.టి. రోడ్డు మీద ఉన్న సంస్థకు వెళ్ళాలి. లోపల చెట్లు, చెరువు, పాత భవనాలు. రోడ్డు మీది రద్దీ గేటు దాటితే వినబడదు. సంస్థలోని భూవిజ్ఞాన మ్యూజియంలో బరపాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది మన ప్రాణహిత-గోదావరి లోయలో ఐఎస్ఐ శాస్త్రవేత్తలు తవ్వి తీసినదని తెలిసి నాన్న ఎంతో ఆశ్చర్యపోయారు. గణాంకాలు చెప్పే చోట డైనోసార్ ఏమిటని ఆయన అడిగితే, ప్రకృతిలో దేన్ని కొలిచినా అది గణాంక శాస్త్రానికి పనికివస్తుందని మహలనోబిస్ నమ్మారని, అందుకే ఇక్కడ ఇన్ని శాస్త్రాలకు చోటిచ్చారని నేను చదివినంత చెప్పాను.

ఇంటర్వ్యూ అంటే నేను ఊహించుకున్నది వేరు. ఈ కోర్సే ఎందుకు, పదేళ్ళ తర్వాత ఏమవుతావు వంటి ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు తయారు చేసుకుని వెళ్ళాను. అవి ఏవీ అడగలేదు. లోపల కొందరు ఆచార్యులు కూర్చుని ఉన్నారు. నమస్కారం పెట్టగానే కూర్చోమని, కాగితం, పెన్ను ముందుకు జరిపి, రాత పరీక్షలో పూర్తి చేయలేకపోయిన ప్రశ్న గురించి ఇంటికి వెళ్ళాక ఆలోచించావా అని అడిగారు. ఆలోచించాను, అది తేలేదాకా నిద్ర పట్టలేదు కూడా. మిగిలిన భాగం అక్కడే చేసి చూపించాను.

తర్వాత ఒక ఆచార్యులు, నీ దగ్గర ఒక నాణెం ఉంది, అది బొమ్మ వైపు ఎక్కువ పడుతుందో బొరుసు వైపు ఎక్కువ పడుతుందో, ఎంత ఎక్కువో నీకు తెలియదు, దానితో ఇద్దరి మధ్య న్యాయంగా పందెం వేయగలవా అని అడిగారు. కొంతసేపు ఏమీ తోచలేదు. ఆయన తొందరపెట్టలేదు, ఒకసారి ఎగరేస్తే చాలదని నీకే తెలుసు కదా, అని మాత్రం అన్నారు. రెండుసార్లు ఎగరేస్తే వచ్చే నాలుగు ఫలితాలు రాసుకున్నాను. ముందు బొమ్మ తర్వాత బొరుసు పడటానికి, ముందు బొరుసు తర్వాత బొమ్మ పడటానికి ఉన్న సంభావ్యతలు, నాణెం ఎంత వంకరదైనా, ఒకటే. కాబట్టి మొదటిది వస్తే ఒకరు, రెండోది వస్తే మరొకరు గెలిచినట్టు. రెండుసార్లూ ఒకేలా పడితే ఆ జతను వదిలేసి మళ్ళీ ఎగరేయాలి అని చెప్పాను. వెంటనే పక్కనున్న ఆచార్యులు, ఇది ఎప్పటికైనా ముగుస్తుందని ఏమిటి నమ్మకం అన్నారు. ప్రతిసారీ జత ఒకేలా పడే సంభావ్యత ఒకటి కంటే తక్కువైన ఒక స్థిర సంఖ్య కనుక, వరుసగా అన్నిసార్లూ అలాగే పడే సంభావ్యత గుణశ్రేఢిలా తగ్గి సున్నాను సమీపిస్తుందని చెప్పాను. నాణెం రెండు వైపులా బొమ్మే ఉంటేనో, అని ఆయన నవ్వుతూ అడిగారు. అప్పుడు ముగియదు, అందుకే నాణేనికి రెండు వైపులూ పడే అవకాశం కొంతైనా ఉందని ముందే అనుకోవాలి అని చెప్పాను. మొదటే ఆ షరతు చెప్పనందుకు వారు మందలించలేదు. ప్రశ్న అడిగి నా చేతనే చెప్పించారు. ఆ గదిలో గడిపిన సమయంలో నన్ను పరీక్షిస్తున్నారన్న భావన కంటే, నాతో కలిసి ఆలోచిస్తున్నారన్న భావనే బలంగా కలిగింది. ఇంటర్వ్యూకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇదే: నోట్లో మాట దాచుకోకుండా, ఆలోచనను పైకి వినబడేటట్టు చెప్పండి, వారు సూచన ఇస్తే దాన్ని పట్టుకుని ముందుకు వెళ్ళండి. ఇంగ్లీషులో వ్యాకరణం తప్పినా వారు పట్టించుకోరు, వాదన తెగిపోతే మాత్రం అక్కడే ఆపి అడుగుతారు.

ఫలితం వచ్చేదాకా ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌ను విడిచిపెట్టలేదు. ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్ళి, వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నాను. రెండు దారులూ తెరిచి ఉంచుకున్నవారు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: టీసీ, మార్కుల మెమోల అసలు ప్రతులు తొందరపడి ఏ కళాశాలకూ ఇవ్వకూడదు, ఒకసారి ఇచ్చాక తిరిగి తీసుకోవడం తలనొప్పి. మరో పని బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం. తెలంగాణలోనే చదువు కొనసాగించేవారికి దీని అవసరం అంతగా పడదు కనుక కళాశాలల్లో ఎవరూ గుర్తు చేయరు. వేరే రాష్ట్రంలో చేరేవారు ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే దానికి దరఖాస్తు పెట్టుకుంటే మంచిది. ఎంపిక జాబితాలో నా పేరు వచ్చాక, కౌన్సెలింగ్‌లో వచ్చిన కంప్యూటర్ సైన్సు సీటుకు రిపోర్టు చేయకుండా వదిలేశాను. అసలు పత్రాలన్నీ, ఓబీసీ పత్రంతో సహా, నా చేతిలోనే ఉన్నాయి కనుక కోల్‌కతాలో ప్రవేశం ఒక్క పూటలో పూర్తయింది. సార్ దిద్దిన ఆ నోటు పుస్తకాలు ఇప్పుడు మా కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి దగ్గర ఉన్నాయి. ఆమె వచ్చే మేలో ఈ పరీక్ష రాయబోతున్నది.